ముస్తఫా గేమును మాకు అమ్మండి: పాత గేముల హక్కుదారులకు విశాఖ నుంచి బహిరంగ లేఖ

క్యాప్‌కామ్, సెగా, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, మైక్రోసాఫ్ట్, కొనామి కంపెనీల్లో పాత గేముల హక్కుల వ్యవహారం చూసేవారికి,

విషయం: కొన్ని పాత గేములను డౌన్‌లోడ్ రూపంలో మళ్లీ అమ్మకానికి పెట్టడం గురించి.

అయ్యా, అమ్మా,

విశాఖపట్నంలో పాత వీడియో గేమ్ బోర్డులు, క్యాసెట్లు బాగుచేసేవాళ్లం, పాత పీసీ గేములను కొత్త కంప్యూటర్లలో ఆడేలా సర్దిపెట్టేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఉచితంగా ఇమ్మని అడగడం లేదు. కొంటాం, అమ్మండి అంటున్నాం. కొనే దారి మూసేసిన గేము జనానికి ఎక్కడి నుంచి దొరుకుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ కలిసి చేసిన అధ్యయనంలో, 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని తేలింది. అక్కడే అలా ఉంటే, వాటిలో చాలావి అధికారికంగా అడుగే పెట్టని మన దగ్గర పరిస్థితి చెప్పేదేముంది. అయితే ఈ గేముల లోపలి పని రోజూ చూసేవాళ్లుగా మాకు అర్థమైనది ఒకటుంది. చాలావాటికి అడ్డం కోడ్‌లో లేదు, కాగితాల్లో ఉంది. కాగితం తేలితే సంతోషం. తేలకపోతే ఆ ఒక్క ముక్కా తీసేయండి, తీసేశామని పైకి చెప్పండి, మిగతాది అమ్మండి. ఈ లేఖలో మిగిలినదంతా ఏ గేములో ఆ ముక్క ఏది, తీశాక ఏం మిగులుతుంది అన్నదే.

ముందు క్యాప్‌కామ్‌కు, ముస్తఫా గురించి. మీ దస్తావేజుల్లో అది 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్', 1993. జగదాంబ జంక్షన్ చుట్టుపక్కలా, గాజువాకలోనూ గేమ్ షాపుల్లో కాయిన్ వేసి ఆడినవాళ్లు మాత్రం అందులోని పసుపు టోపీ కుర్రాడి పేరుతోనే దాన్ని పిలిచారు. జాక్, హనా, మెస్ కూడా ఉన్నా, షాపులో ముగ్గురు ఒకేసారి మిషను ముందు నిలబడితే ముస్తఫా ఎవరిదన్న దగ్గరే గొడవ మొదలయ్యేది. మార్క్ షుల్ట్జ్ 'జెనోజోయిక్ టేల్స్' కామిక్ ఆధారంగా చేసిన గేమ్ ఇది. అంటే కోడు మీది, పాత్రలు కామిక్‌వి, పేరులోని కాడిలాక్ జనరల్ మోటార్స్ ట్రేడ్‌మార్కు. హక్కులు మూడు జేబుల్లో ఉన్నాయి. ఆ కారణంగానే కాబోలు ఈ ఆర్కేడ్ గేము ఏ హోం కన్సోల్‌కూ రాలేదు. 1994లో సెగా సీడీకి 'ది సెకండ్ కాటాక్లిజం' పేరుతో వచ్చింది వేరే గేము, కారులో పోతూ కాల్చడమే అందులో పని.

సాంకేతికంగా అడ్డం లేదని ఎందుకు అంటున్నామంటే, ఈ గేము నడిచినది మీ సీపీఎస్-1 ఆర్కేడ్ బోర్డులో క్యూసౌండ్ అనే స్టీరియో పద్ధతి జోడించిన రకం. అదే రకం బోర్డు మీద వచ్చిన 'వారియర్స్ ఆఫ్ ఫేట్'ను మీరే 2018లో 'క్యాప్‌కామ్ బీట్ ఎమ్ అప్ బండిల్'లో ఫైనల్ ఫైట్, కెప్టెన్ కమాండో, నైట్స్ ఆఫ్ ది రౌండ్ పక్కన పెట్టి అమ్మారు. కాబట్టి ఎమ్యులేషన్ పని, అంటే పాత బోర్డును కొత్త యంత్రంలో అనుకరించే పని, మీ దగ్గర ఎప్పుడో అయిపోయింది. పరాయి పాత్రలున్నాయన్న మాట కూడా నిలవదు. మార్వెల్ వారి 'ది పనిషర్' కూడా 1993 నాటి క్యూసౌండ్ గేమే. ఏళ్ల తరబడి రాదు రాదు అనుకున్నది 2024లో 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్'లో వచ్చేసింది. 'ఏలియన్ వర్సెస్ ప్రిడేటర్' 2019లో క్యాప్‌కామ్ హోం ఆర్కేడ్ పరికరంలో వచ్చింది. మార్వెల్‌తోనూ, ఏలియన్ హక్కుదారులతోనూ కూర్చుని మాట్లాడగలిగినవారు ఒక కామిక్ రచయితతో, ఒక కారు కంపెనీతో మాట్లాడలేరంటే నమ్మడం కష్టం. కారు కంపెనీ ససేమిరా అంటే పేరు మార్చండి, టైటిల్ బొమ్మ మార్చండి. ఆటలో కారు నడిపే ఘట్టం చిన్నది, ఆ కారు ముందు భాగం నాలుగు పిక్సెళ్లు సర్దితే ఎవరూ మీ మీద కోర్టుకెక్కరు. ఎనిమిది స్టేజీలూ యథాతథంగా ఉంటే చాలు.

త్వరపడమనడానికి ఇంకో కారణం ఉంది. అసలు బోర్డులో సౌండ్ ప్రోగ్రాం తాళం వేసి ఉంటుంది. దాన్ని విప్పే తాళం చెవులు కబుకి అనే ప్రత్యేకమైన జెడ్80 ప్రాసెసర్ చిప్ లోపల, ఒక లిథియం బ్యాటరీ ఇచ్చే కరెంటు మీద బతుకుతాయి. బ్యాటరీ వోల్టేజీ పడిపోయిన రోజున ఆ చెవులు చెరిగిపోతాయి, బోర్డు మూగబోతుంది. కొత్త బ్యాటరీ పెట్టినంత మాత్రాన తిరిగి రావు. చిన్న మైక్రోకంట్రోలర్‌తో చెవులను మళ్లీ చిప్‌లోకి ఎక్కించాలి, లేదా కబుకిని పీకేసి మామూలు జెడ్80, విప్పిన ప్రోగ్రాం రాసిన ఈప్రోమ్ మెమరీ చిప్ అమర్చాలి. 1993 నాటి బ్యాటరీలు ఇంకా ఎన్నాళ్లు నిలుస్తాయో లెక్కవేసుకోండి. మన షాపుల్లో తిరిగిన బోర్డుల్లో నకిలీవే ఎక్కువ. వాటికి ఈ బాధ లేదు గానీ వేరే లోటుంది: కొన్ని నకిలీ బోర్డుల్లో క్యూసౌండ్ మొత్తం తీసేసి, చవకైన ఓకేఐ సౌండ్ చిప్ ఒకటి అతికించారు. సంగీతం ముక్కలు ముక్కలుగా, గొంతులు గరగరగా వస్తాయి. ఏళ్ల తరబడి ఈ గేము ఆడి, దాని అసలు స్టీరియో ఒక్కసారీ వినని జనం ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. మీ దగ్గర కొనుక్కోవడానికి వాళ్లకు అదొక్కటే సరిపోతుంది.

సెగాకు. 'వర్చువా కాప్ 2' ఆర్కేడ్‌లో 1995, పీసీలో 1997. నెట్ సెంటర్లలో, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో మౌసుతో ఆడిన తుపాకీ గేము. ఇందులో పరాయి పాటల్లేవు, పరాయి కార్ల పేర్లు లేవు, నటుల ముఖాల్లేవు. మా జాబితాలో కాగితాల బరువు అన్నిటికన్నా తక్కువ దీనికే, అయినా డౌన్‌లోడ్‌లో దొరకదు. ఎందుకో మీరే చెప్పాలి. రీమేక్ చేయాలనే ఆలోచన ఉంటే చేసుకోండి, కానీ 1997 నాటి పీసీ రూపాన్ని దాని పక్కనే పెట్టండి. ఎందుకంటే ఇది మౌసుకు సరిపడేలా అప్పటికే తయారై ఉంది. తుపాకీతో ఆడే మిగతా పాత గేముల గతి వేరు. నింటెండో వారి డక్ హంట్ సంగతే తీసుకోండి. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక ఫ్రేము నల్లబడుతుంది, తర్వాతి ఫ్రేముల్లో బాతున్న చోట తెల్ల గడి వెలుగుతుంది, తుపాకీ మూతిలోని ఫోటో సెన్సర్ ఆ వెలుగును పట్టాలి. డబ్బా టీవీలో గీతలు వెనువెంటనే వెలుగుతాయి కాబట్టి పట్టుకుంటుంది. ఎల్‌సీడీ టీవీ బొమ్మను కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా చూపిస్తుంది, పైగా సెన్సర్ ఎదురుచూసే 15 కిలోహెర్ట్జ్ మిణుకు అందులో ఉండదు. ఎంత గురిగా కాల్చినా ప్రతి గుండూ వృథాయే. తుపాకీ పాడైందని మరమ్మతుకు తెచ్చేవాళ్లలో చాలామందికి నిజానికి పాడైనది తుపాకీ కాదు, మారినది టీవీ. నింటెండో 2014లో తన వీ యూ గేమ్ యంత్రానికి ఇచ్చిన డక్ హంట్‌లో వీ రిమోట్‌తో గురిపెట్టే ఏర్పాటు చేసింది, అది బాగానే ఉండేది. 2023 మార్చి 27న ఆ దుకాణమే కట్టేశారు.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు మూడు మాటలు. మొదటిది 'రోడ్ రాష్', 1996 నాటి విండోస్ రూపం. అడ్డం పాటలు: సౌండ్‌గార్డెన్, మాన్‌స్టర్ మాగ్నెట్, స్వెర్వ్‌డ్రైవర్ వంటి బృందాలవి, ఎ అండ్ ఎం రికార్డ్స్ ద్వారా తీసుకున్నవి. ఆ ఒప్పందాలు మళ్లీ రాయించడం ఖర్చే. కానీ మన దేశంలో సీడీల మీద, పెన్‌డ్రైవుల మీద చేతులు మారిన కాపీల్లో చాలావాటిలో పాటలూ లేవు, వీడియోలూ లేవు. గొలుసు, కర్ర, పక్కవాణ్ణి తన్నే కాలు, వెనక పోలీసు, ఇవి ఉంటే చాలనుకున్నారు జనం. పాటల్లేని రోడ్ రాష్‌ను ఎవరూ కొనరన్న భయం ఏమైనా ఉంటే మన దగ్గర మాత్రం దానికి ఆధారం లేదు. పాటలు తీసేసి, ఎవరికి వారు తమ దగ్గరున్న పాటల ఫైళ్లు ఒక ఫోల్డరులో వేసుకునేలా వదిలేయండి. అంతే.

రెండోది 'క్రికెట్ 07'. 2006 చివర్లో వచ్చింది, హెచ్‌బీ స్టూడియోస్ చేసింది, మార్క్ నికొలస్, రిచీ బెనో వ్యాఖ్యానం. ఇన్నేళ్లయినా మన దేశంలో ఇంత పట్టుగా ఆడుతున్న పాత స్పోర్ట్స్ గేము ఇంకోటి మాకు కనిపించలేదు. ప్రతి సీజనుకూ కొత్త జట్లు, జెర్సీలు, స్టేడియాలు, బ్యాట్ల స్టిక్కర్లు అభిమానులే తయారు చేసి పంచుకుంటున్నారు. దీన్ని మళ్లీ అమ్మాలంటే బోర్డుల దగ్గర, ఆటగాళ్ల దగ్గర, బ్యాట్ల కంపెనీల దగ్గర మళ్లీ సంతకాలు తీసుకోవాలని మీ న్యాయవాదులు చెబుతారు. నిజమే. అయితే లైసెన్సు దొరకని జట్లకు మారుపేర్లు పెట్టి వదలడం అప్పట్లో మీరు చేసిన పనే. ఈసారి అన్ని జట్లకూ అలాగే పెట్టండి. యాషెస్ గుర్తులు తీసేయండి, ఒంటి మీద ఏ గుర్తూ లేని తెల్ల చొక్కాలు తొడగండి. రోస్టరు, అంటే ఆటగాళ్ల జాబితా, మార్చుకునే ఏర్పాటును మాత్రం ముట్టుకోకండి. సచిన్ పేరు ఎవరు రాసుకుంటారన్న బెంగ మీకు వద్దు, గేము విడుదలైన సాయంత్రానికే ఎవరో ఒకరు రాసేస్తారు. మార్చవలసిన సాంకేతిక విషయం చిన్నది: వెడల్పు తెర మీద బొమ్మ అడ్డంగా సాగిపోయి బౌలర్లందరూ లావుగా కనబడతారు. 16:9కి సరైన చూపు కోణం ఇవ్వండి. బ్యాటింగ్ టైమింగ్‌ను సవరిస్తామని మాత్రం చేయి పెట్టొద్దు. కవర్ డ్రైవ్ మరీ సులువుగా బౌండరీకి పోతుందని అందరికీ తెలుసు, ఆ లోపంతో సహా కావాలి.

మూడోది నీడ్ ఫర్ స్పీడ్. అసలు కార్లే సరుకైన గేములో కార్ల పేర్లు తీస్తే మిగిలేది తక్కువ. 2021 మేలో కార్బన్, అండర్‌కవర్, ది రన్ వంటివి మీరే దుకాణం నుంచి దించేశారు. ఇవి ఇప్పట్లో రావని మాకూ తెలుసు, అడిగి మీ సమయం తినం.

మైక్రోసాఫ్ట్‌కు: 'మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్', 1999. ఏంజెల్ స్టూడియోస్ చేసింది, ఆ స్టూడియో 2002లో రాక్‌స్టార్ శాన్ డియెగోగా మారింది. షికాగో వీధుల్లో ఎటైనా పోనిచ్చే గేము. ఇందులోనూ కార్ల పేర్లున్నాయి గానీ సిటీ బస్సు వంటివాటికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, మిగతావాటి ఆకారం కాస్త మారిస్తే ఊరి మ్యాప్‌కు వచ్చే నష్టం లేదు. దీని చిక్కు నెట్‌వర్కులో ఉంది. ఆనాటి లాన్ గేముల్లో (ఒకే చోటి కంప్యూటర్లను కలిపి ఆడేవాటిలో) చాలావాటిలాగే ఇదీ డైరెక్ట్‌ప్లే అనే విండోస్ భాగం మీద ఆధారపడింది. ఆ కాలంలో వాడిన ఐపీఎక్స్ ప్రోటోకాల్‌ను విండోస్ విస్టాతోనే మీరు తీసేశారు, డైరెక్ట్‌ప్లే మాత్రం విండోస్ 10లో 'లెగసీ కాంపొనెంట్స్' కింద టిక్ పెడితే గానీ రాదు. ద్వారకానగర్, ఆశీల్‌మెట్ట నెట్ సెంటర్లలో ఒక కేబుల్‌తో కలిసి ఆడినదాన్ని ఈ రోజు ఒకే ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య ఆడించాలంటే ఐపీఎక్స్ రాపర్ (పాత పిలుపులను కొత్త పద్ధతికి మళ్లించే ప్రోగ్రాం) వెతికి, ఫైర్‌వాల్‌లో దారి తెరిచి, నెట్‌వర్కు అడాప్టర్ల వరుస సరిచేసి నానా తంటాలు పడాలి. ఇప్పటి నెట్‌వర్కుల్లో పనిచేసే యూడీపీ పద్ధతి మీద నడిచే చిన్న లాన్ మోడ్ ఒకటి పెడితే అంతా తీరిపోతుంది.

కొనామికి. 'కాంట్రా'ను మీరు బాగానే ఇచ్చారు. 2019 యానివర్సరీ కలెక్షన్‌లో జపాన్ ఫ్యామికామ్ (నింటెండో ఇంటి గేమ్ యంత్రం) రూపం కూడా పెట్టడంతో, కొమ్మలు ఊగే అడవి, మంచు కురిసే స్టేజీ అందరూ చూడగలిగారు. రెండు రూపాలూ పక్కపక్కన ఉండటమే సరైన పద్ధతి. 'సర్కస్ చార్లీ' విషయంలో అలా జరగలేదు. ఆర్కేడ్ రూపం ఆర్కేడ్ ఆర్కైవ్స్ అనే పాత గేముల వరుసలో ఉంది, కానీ మన ఇళ్లలో నిప్పు రింగుల్లోంచి సింహాన్ని దూకించినది 1986లో సాఫ్ట్ ప్రో ప్రచురించిన ఫ్యామికామ్ రూపం. రంగులు వేరు, దూకే లెక్క వేరు, పాట వేరు. ఆర్కేడ్‌ది ఆడినవాడికి చేతి అలవాటు అడుగడుగునా తప్పుతుంది. నామ్కో చూడండి, 'బ్యాటిల్ సిటీ'ని 2020లో నామ్కో మ్యూజియం ఆర్కైవ్స్ రెండో భాగంలో పెట్టేసింది. మన ట్యాంకుల గేము అదే. అనుమతి లేకుండా ఎవరో మార్చి క్యాసెట్లలో నింపిన 'ట్యాంక్ 1990' దానికి పుట్టిందే. ఇక 9999 గేములని పైన రాసిన ఆ క్యాసెట్లలో నిజానికి ఉండేవి కొన్ని పదులు. మిగతావన్నీ అవే గేములను వేరే స్టేజీ నుంచి మొదలుపెట్టినవి.

ఈ ఫ్యామికామ్ గేములు తెచ్చేటప్పుడు ఒక సంగతి. అసలు యంత్రం సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది. మన టీవీలు పాల్ పద్ధతివి, 50 హెర్ట్జ్. 'మీడియా', 'లిటిల్ మాస్టర్', 'టెర్మినేటర్' అంటూ మన ఇళ్లలోకి వచ్చిన ఫ్యామికామ్ నకలు సెట్లలో చాలావాటిలో తైవాన్ యూఎంసీ చిప్పులు, 6527పి, 6538, ఉండేవి. అవి 50 ఫ్రేములే ఇచ్చేవి గానీ ప్రాసెసర్ గడియారాన్ని 1.77 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచేవి, అసలు ఫ్యామికామ్‌లో అది 1.79. దాంతో స్వరం దాదాపు అదే, పాట నడక మాత్రం ఆరో వంతు నెమ్మది. యూరప్ నింటెండోలో గడియారం ఇంకా తగ్గించారు కాబట్టి అక్కడ స్వరం కూడా కిందికి దిగేది. అంటే యూరప్ పాల్ రూపం తెచ్చి ఇండియా వాళ్లకు ఇదే సరిపోతుంది అనుకుంటే పొరపాటు, మనది అది కాదు. 2018లో సోనీ ప్లేస్టేషన్ క్లాసిక్‌లో 20 గేముల్లో 9 యూరప్ పాల్ రూపాలు పెట్టి ఎన్ని చీవాట్లు తిన్నదో మీరు చూసే ఉంటారు. మొదట తెరవగానే 60లో నడవాలి, అది గేము తయారైన వేగం. సెట్టింగుల్లో మాత్రం గడియారాన్ని ముట్టుకోకుండా 50కి దించే మీట ఒకటి ఇవ్వండి. పాతికేళ్లుగా నెమ్మది కాంట్రాకు అలవాటుపడిన బొటనవేలికి 60లో మొదటి స్టేజీ దాటడమే గగనం.

ఎవరివో తెలియని గేముల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మోనోలిత్ స్టూడియో 1997లో చేసిన 'క్లా', పిల్లి కెప్టెన్ గేము, మన దగ్గర ఎన్ని కంప్యూటర్లలో ఉండేదో లెక్కలేదు. అదే స్టూడియో 2000లో చేసిన 'నో వన్ లివ్స్ ఫరెవర్' కథ అందరికీ పాఠం. పాత గేములను మళ్లీ తెచ్చే నైట్‌డైవ్ స్టూడియోస్ దాన్ని తేవాలని 2014లో ప్రయత్నిస్తే, వార్నర్, యాక్టివిజన్, ఫాక్స్‌ల మధ్య హక్కులు ఎవరివన్నది తేలక ఆగిపోయింది. అదే నైట్‌డైవ్ 'సిస్టమ్ షాక్ 2' హక్కులు ఒక బీమా కంపెనీ చేతిలో ఉన్నాయని కనిపెట్టి, అక్కడికెళ్లి అడిగి, 2013లో గేమును బయటకు తెచ్చింది. రెంటికీ తేడా అదృష్టమొక్కటే కాదు. పాత పెట్టెలు తెరిచి కాగితం వెతికిన మనిషి ఒక చోట ఉన్నాడు, ఇంకో చోట ఎవరూ ఆ శ్రమ పడలేదు. 2025 ఫిబ్రవరిలో మోనోలిత్‌ను మూసేశారు. మూసిన స్టూడియో హార్డ్‌డిస్కులు, ఒప్పందాలు ఏ గదిలోకి పోతాయో మీరు ఇప్పుడే రాసిపెట్టుకోకపోతే తర్వాత అడిగినా చెప్పేవాడు ఉండడు.

మీరు పెద్దగా చూడని మా ఊరి చిక్కు ఒకటుంది. దాచుకున్న డిస్కు ఉంటుంది కదా, క్యాసెట్ ఉంటుంది కదా అని మీరు అనుకోవచ్చు. సముద్రం ఒడ్డున అవి నిలవవు. పాత నకిలీ క్యాసెట్ల కాంటాక్టుల మీద బంగారు పూత ఉండీ లేనట్టుంటుంది. ఉప్పుగాలికి కింద రాగి పచ్చబడుతుంది. రబ్బరుతో రుద్దితే ఆ రోజు పనిచేస్తుంది, ఉన్న పూత కూడా పోయి వచ్చే వానల నాటికి రెట్టింపు పచ్చ పడుతుంది. నోటితో ఊదడం ఇంకా చేటు, ఊపిరిలో తడి ఉంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్ల, ఆ తర్వాత గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లం, అంతకుమించి చేయగలిగింది లేదు. ఇళ్లలో రాసుకున్న సీడీల రంగు పొర వేడికీ తేమకూ పాలిపోతుంది, అచ్చు సీడీల మీద కూడా బూజు పాకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు తడిసినవాటి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అందుకే డిస్కు కాదు, డౌన్‌లోడే కావాలంటున్నాం.

డౌన్‌లోడ్ అంటే ఎలా ఉండాలో కూడా చెబుతాం, ఇక్కడే ఎక్కువ గేములు చెడిపోతున్నాయి కనుక. అసలు ఫైలు మార్చకుండా లోపల ఉండాలి, దాన్ని ఆడించే పొర బయట ఉండాలి. 90ల నాటి గేము 32-బిట్‌దైనా దాని ఇన్‌స్టాలరు చాలాసార్లు 16-బిట్‌ది. 64-బిట్ విండోస్ దాన్ని తాకనైనా తాకదు, గేము చచ్చిపోయిందని జనం అనుకుంటారు. ఇన్‌స్టాలరు కొత్తది రాస్తే సగం రోగం నయం. డైరెక్ట్‌డ్రా అనే పాత విండోస్ బొమ్మల పద్ధతి వాడిన 256 రంగుల గేముల్లో రంగులు ఇంద్రధనుస్సులా చెదరడానికి కారణం, ఆ రంగుల పట్టికను విండోస్ డెస్క్‌టాప్ మధ్యలో లాక్కోవడం. డీజీవూడూ, సీఎన్‌సీ-డీడ్రా వంటి రాపర్లు ఆ పిలుపులను కొత్త డైరెక్ట్3డీకి మళ్లిస్తాయి. కాపీ చేయకుండా వేసే సేఫ్‌డిస్క్ తాళం ఉన్న డిస్కులు విండోస్ 10లో నడవవు, ఎందుకంటే ఆ డ్రైవరులో భద్రతా లోపం ఉందని మైక్రోసాఫ్ట్ 2015లో దాన్ని తీసేసింది. అది సరైన నిర్ణయమే, తాళం లేని ఫైలు ఇవ్వాల్సింది మీరు. సంగీతం సీడీ ట్రాకులుగా ఉన్న గేముల్లో ఆ ట్రాకులను నాణ్యత తగ్గని లాస్‌లెస్ ఫైళ్లుగా తీసి జత చేయండి, లేకపోతే ఆట మొత్తం నిశ్శబ్దం. టర్బో పాస్కల్ భాషలో రాసిన డాస్ ప్రోగ్రాములు 200 మెగాహెర్ట్జ్ దాటిన పెంటియంలలోనే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని పడిపోయేవి. ఆలస్యం కొలిచే లెక్కలో భాగఫలం పట్టనంత పెద్దదై వచ్చే తప్పు అది, ఒక చిన్న ప్యాచ్‌తో పోతుంది. 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'లో మొదటి లెవెల్ తర్వాత గేముతో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో ఫలానా పేజీ ఫలానా లైనులో మాట మొదటి అక్షరం అడిగి, సరైన మందు సీసా తాగమంటుంది. అటువంటివాటికి మాన్యువల్ స్కాన్ కూడా పెట్టకపోతే గేము ఇచ్చీ ఇవ్వనట్టే.

బొమ్మ సంగతి. సీపీఎస్-1 తెర 384×224, కానీ అది 4:3 టీవీలో చూడటానికి గీసినది. 1080 తెర మీద నిలువుగా నాలుగింతలు చేస్తే 896, వెడల్పు సుమారు 1195. పైనా కిందా కాస్త నల్లగా మిగిలినా ముస్తఫా ముస్తఫాలా ఉంటాడు. పిక్సెళ్లు చతురస్రంగా పెట్టి 384ను అలాగే వదిలేస్తే మనుషులందరూ పక్కలకు ఊరిపోతారు. 16:9కి సాగదీయడం డిఫాల్ట్‌గా పెట్టినవాళ్లకు మా నమస్కారం. బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద కనబడేదాకా ఆలస్యాన్ని హై స్పీడ్ కెమెరాతో కొలవండి, అసలు బోర్డు కన్నా ఒకటి రెండు ఫ్రేములకు మించి పెరగకూడదు. ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. నాలుగు ఫ్రేములు దాటితే దెబ్బ తప్పించుకునే గేములన్నీ అన్యాయంగా అనిపిస్తాయి, ఆటగాడు తన చేతినే తిట్టుకుంటాడు.

పాత రూపాన్ని తీసేసి కొత్తది పెట్టొద్దు. 2021 నవంబరులో వచ్చిన జీటీఏ డెఫినిటివ్ ఎడిషన్ కోసం రాక్‌స్టార్ అంతకు ముందు నెలలోనే పాత మూడు గేములనూ దుకాణాల్లోంచి దించింది, కొత్తవి తప్పులతడకగా ఉండటంతో జనం మండిపడ్డాక పాతవాటిని తన దుకాణంలో మళ్లీ పెట్టాల్సి వచ్చింది. 2020లో వార్‌క్రాఫ్ట్ 3 కొనుక్కున్నవాళ్ల పాత గేము మీద రీఫోర్జ్‌డ్ అనే కొత్త రూపం వచ్చి కూర్చుంది. 2014లో జీటీఏ శాన్ ఆండ్రియాస్‌కు వచ్చిన అప్‌డేట్ కొన్నవాళ్ల కాపీలోంచే పాటలు తుడిచేసింది. లైసెన్సు ముగిస్తే కొత్తగా అమ్మడం ఆపుకోండి. ఒకసారి కొన్నవాడి చేతిలోంచి లాక్కోవద్దు. మన కాపీరైట్ చట్టం 1957లో 52(1)(ఎఎ) సెక్షను, చట్టబద్ధంగా సంపాదించిన కంప్యూటర్ ప్రోగ్రాంకు బ్యాకప్ తీసుకునే హక్కు ఇస్తోంది. ఆన్‌లైన్ తాళం లేని ఇన్‌స్టాలరు ఫైలు ఇస్తే ఆ హక్కు కాగితం మీదే కాకుండా హార్డ్‌డిస్కు మీద కూడా ఉంటుంది. ఆడే ప్రతిసారీ ఇంటర్నెట్ అడిగే గేము కరెంటు పోయి రౌటర్ ఆగిన సాయంత్రం ఎందుకూ పనికిరాదు.

ధర. రూపాయల్లో, యూపీఐతో. కార్డు మాత్రమే అంటే మీ గేము కొనగలిగిన కుర్రాళ్లలో సగం మంది గుమ్మంలోనే ఆగిపోతారు. ఒక్కో గేము 99 నుంచి 199 మధ్య, విడిగా. ముస్తఫా కావాల్సినవాడితో పది గేముల కట్ట కొనిపించకండి. సైజు కూడా చూసుకోండి: సూపర్ మారియో క్యాసెట్‌లో ఉన్నది మొత్తం 40 కిలోబైట్లు, కాంట్రా 128. దాన్ని ఆడించడానికి రెండు గిగాబైట్ల లాంచరు దేనికి? రోజువారీ డేటా అంతా ఒక్క డౌన్‌లోడుకే పోతుంది.

మా నుంచి చేయగలిగింది ఇది. పరీక్షా బిల్డు పంపితే, విండోస్ 7 నాటి ల్యాప్‌టాప్ నుంచి కొత్త హ్యాండ్‌హెల్డ్ దాకా, డబ్బా టీవీ, ఎల్‌సీడీ రెంటి మీదా, 50లోనూ 60లోనూ ఆడి, ఎక్కడ ఆగింది, ఏ ఫ్రేములో తేడా వచ్చింది రాసి పంపుతాం. అసలు బోర్డు పక్కన పెట్టి శబ్దం పోల్చి చూస్తాం. డబ్బు అడగం. మాన్యువల్‌కు తెలుగు కావాలంటే అదీ రాసిస్తాం.

మీ నుంచి కోరేది ఒక్కో గేముకు ఒక్కో వాక్యం: ఫలానా ఏడాదిలోగా తెస్తాం అనో, తేము అనో, ఫలానా వారి సంతకం దొరకలేదు అనో. మూడోదైతే ఆ పేరు కూడా రాయండి. వెళ్లి అడగడానికి మేమున్నాం.

ఇట్లు,
పాత గేముల మరమ్మతుదారులు, ఆటగాళ్లు
విశాఖపట్నం